గార్డు సర్దిన పెట్టె

ఇల్లు వదిలి పోవడంలో నన్ను మించినవాడు కాజీపేట రైల్వే క్వార్టర్లలో లేడని చాలాకాలం అనుకున్నాను. గూడ్స్ బండి గార్డుగా అప్పటికే ఇరవై ఏళ్ల సర్వీసు. వారానికి మూడుసార్లయినా బెజవాడకో బల్లార్షాకో పోయేవాణ్ని. అక్కడ రన్నింగ్ రూంలో, అంటే డ్యూటీ దిగిన గార్డులూ డ్రైవర్లూ పడుకునే రైల్వే విడిదిలో, ఒక నిద్ర తీసి తిరిగొచ్చేవాణ్ని. అందుకని మా పెద్దపిల్లకు వాల్తేరులో ఎమ్మెస్సీ సీటొచ్చినప్పుడు, తనను పరాయి ఊరికి తయారుచేసే పని నాదేనని ఇంట్లో ప్రకటించాను. నన్నెవరూ అడగలేదు.

డెబ్బైల చివరి రోజులవి. పిల్ల హనుమకొండలో డిగ్రీ చదివింది. వాల్తేరులో సీటొచ్చింది సముద్రాల గురించిన చదువులో. మా క్వార్టర్లలో సముద్రాన్ని కళ్లతో చూసినవాళ్లే తక్కువ. "సముద్రం సదివి ఏం జేస్తదట? ఉప్పమ్ముతదా?" అని పక్కింటావిడ అడిగితే మా ఆవిడకు రెండు రోజులు అన్నం సయించలేదు. నిజానికి ఆమె భయం ఉప్పు గురించి కాదు. పిల్ల అప్పటిదాకా మమ్మల్ని వదిలి ఒక్కరోజు కూడా ఉండలేదు. చివరికి మా ఆవిడ ఒక షరతు మీద ఒప్పుకుంది.

"ఒక్క నెల జూస్త. పిల్ల దిక్కుతోచక ఆగమైతాందని తెలిసిందనుకో, నేనే పోయి తోలుకొస్త. మళ్ల సదువు గిదువు అనద్దు."

పిల్ల సరేనని తలూపింది గాని ముఖం చిన్నబోయింది. ఆ సీటు కోసం అది ఎంత కష్టపడిందో నాకు తెలుసు. రెండేళ్ల చదువూ ఆ మొదటి నెల మీద ఆధారపడింది. నాకు మిగిలింది మూడు వారాలు.

మొదట పెట్టె సంగతి చూశాను. గార్డుకు లైన్ బాక్సు అని ఒక ఇనుప పెట్టె ఉంటుంది. జెండాలు, చేతిలాంతరు, మందుల డబ్బా, రూల్సు పుస్తకం, బట్టలు, అన్నం గిన్నె అన్నీ అందులోనే. పిల్లకు కూడా అచ్చం అలాంటిదే కావాలని పట్టుబట్టాను. వరంగల్ స్టేషన్ దగ్గర ట్రంకు పెట్టెలు చేసే ముసలాయన దగ్గరికి పిల్లను వెంటబెట్టుకుని పోయి, నా బాక్సు కొలతలు కాగితం మీద రాసిచ్చాను. ఆయన కొలతలు చూశాడు, పిల్లను చూశాడు.

"సార్, గింత పెట్టెను బిడ్డ మోస్తదా?"

"నేను మోస్తలేనా?" అన్నాను. నా బాక్సును ఇరవై ఏళ్లుగా బండి చివరుండే బ్రేక్‌వ్యాన్ దాకా మోస్తున్నది స్టేషన్ పోర్టర్లన్న సంగతి ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.

పెట్టె తయారయ్యేదాకా నేను బయట చాయ్ తాగుతూ కూర్చున్నాను. పిల్ల మాత్రం ముసలాయన పక్కనే పీట వేసుకుని ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టింది. రేకు అంచు ఎందుకు వంచినవ్ తాతా, మూతకు మడతబందులు ఎట్ల కుదురుతయ్, గీ సీల ఎటు నుంచి కొడ్తవ్. ఆయన కూడా పని ఆపి మరీ చూపించాడు. పనికిరాని విషయాల మీద ఈ పిల్లకు ఎంత ఆసక్తో అని విసుక్కుని ఇంకో చాయ్ చెప్పాను.

పెట్టెకు నల్లరంగు నేనే వేశాను. మూత మీద తెల్లరంగుతో పిల్ల పేరూ, దాని కింద కె.జెడ్.జె. అని మూడు ఇంగ్లీషు అక్షరాలూ రాశాను. అది కాజీపేట స్టేషన్ గుర్తు. గార్డుల బాక్సుల మీద అలాగే రాసి ఉంటుంది, ఎక్కడ తప్పిపోయినా చూసినవాళ్లు సొంత స్టేషనుకు పంపేస్తారు. రంగు ఆరకముందే మా ఆవిడ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"పిల్లను సదువుకు పంపుతానవా, గూడ్స్ బండికి తగిలిస్తానవా?"

ఆమె మాటలు పట్టించుకునే స్థితిలో లేను. పెట్టెలో టార్చిలైటు, ఈల, కట్టుగుడ్డలు, అయోడిన్ సీసా, పది గజాల తాడు పెట్టాను. తాడెందుకని పిల్ల అడిగితే అవసరం పడ్డప్పుడు తెలుస్తుందన్నాను. నాకు ఇప్పటికీ తెలియలేదు. మూత లోపలివైపు ఒక అట్టముక్క అంటించి దాని మీద రూల్సు రాశాను. మొదటి రూలు: తాళంచెవి ఎప్పుడూ నీ దగ్గరే ఉండాలి. రెండోది: తెలియనివాళ్లు ఇచ్చింది తినొద్దు. అలా పదకొండు వచ్చాయి.

పిల్ల అన్నీ చదివి, "పన్నెండోది రాయలేదేంది బాపూ?" అంది.

"జాగ లేదు బిడ్డా," అన్నాను. నవ్వుతోందేమోనని చూశాను, ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు.

తర్వాత వంట నేర్పుదామని పంపు స్టవ్వు ముందు కూర్చున్నాను. హాస్టల్లో మెస్సు ఉంటుంది కదా అని మా ఆవిడ అంది. మెస్సు లేనిరోజు చాయ్ పెట్టుకోవద్దా అని నేనన్నాను. స్టవ్వు బుడ్డి వేడెక్కకముందే పంపు కొట్టడంతో మంట ఒక్కసారి భగ్గుమని లేచి నా మీసం ఒక పక్క కాలిపోయింది. పిల్ల తాపీగా గాలి వదిలి, స్టవ్వు చల్లార్చి, మళ్లీ వెలిగించి, చాయ్ పెట్టి నా చేతికిచ్చింది. తర్వాత ఎదురుగా కూర్చుంది.

"బాపూ, రన్నింగ్ రూంల నీకు చాయ్ ఎవలు పెడ్తరు?"

"వంటాయన ఉంటడు."

"పక్క ఎవలు పరుస్తరు?"

"గదానికి ఇంకొకాయన ఉంటడు."

"మరి నీ బాక్సు?"

బాక్సు ఎవరు సర్దుతారో చెప్పాల్సిన పని లేకుండా మా ఆవిడ వంటింట్లోంచి గట్టిగా దగ్గింది. నేను గార్డునైన నాటినుంచీ నా బాక్సు సర్దుతున్నది ఆమే. అందులో ఉప్పు పొట్లం ఏ మూల ఉంటుందో కూడా నాకు తెలియదు. ఇరవై ఏళ్లుగా నేను ఇల్లు వదిలిపోయానని చెప్పుకుంటున్నానే గాని, ఇల్లే పెట్టెలో కూర్చుని నా వెంట వస్తోందన్నమాట. ఆ వారమంతా సగం మీసంతో డ్యూటీ చేశాను.

అయినా బుద్ధి రాలేదు. అక్కడివాళ్లు మన మాట విని నవ్వుతారని, బెజవాడలో నేను పట్టుకున్న భాష నేర్పబోయాను. "ఏమండీ, కొంచెం జరుగుతారా అండీ అనాలె," అన్నాను. పిల్ల ఓపిగ్గా అనేది. వారం తిరిగేసరికి ఇంట్లో అందరూ నాతో "అన్నం తింటారా అండీ" అని మాట్లాడడం మొదలుపెట్టారు. అప్పుడు మానేశాను.

బయలుదేరే రోజు వచ్చింది. అడ్మిషన్ అప్పుడు నేనే తీసుకుపోయి హాస్టల్ చూపించి వచ్చాను కాబట్టి ఈసారి ఒక్కతే పోతుందని, గార్డు బిడ్డకు బండిలో తోడెందుకని, క్వార్టర్లంతా వినేలా చెప్పి ఉన్నాను. సాయంత్రం బండి. ఆడవాళ్ల పెట్టెలో కిటికీ పక్కన సీటు దొరికింది. ట్రంకు సీటు కింద పెట్టించాను. ఇంకో ఐదు నిమిషాలుందనగా నాకు అనుమానం వచ్చింది. గూడ్స్ బండి కదిలేముందు వ్యాగన్ల సీళ్లు చూసుకోవడం అలవాటు కదా. పిల్ల దగ్గర తాళంచెవి తీసుకుని, తాళం తీసి, మళ్లీ వేసి, రెండుసార్లు లాగి చూసి దిగాను. బండి కూత వేసింది.

ఏ బండి కదిలినా నేను దాంట్లోనే ఉండేవాణ్ని. ప్లాట్‌ఫారం మీద నిలబడి, మనవాళ్లున్న బండి పోతుంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా ఆవిడ హాయిగా ఏడుస్తోంది. నా కుడిచెయ్యి మాత్రం జెండా పట్టుకున్నట్టు పైకి లేచి అలాగే ఉండిపోయింది. చివరి పెట్టె కూడా దాటిపోయాక, కళ్లు తుడుచుకుందామని రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాను. రుమాలుతో పాటు తాళంచెవి బయటికొచ్చింది.

మా ఆవిడ ఏడుపు అక్కడే ఆగిపోయింది.

"ఇంకో చెవి ఉండె గదా?" అంది.

ఉంది. పోకుండా భద్రంగా ఉండాలని పెట్టెలోనే పెట్టాను.

బట్టలు, దుప్పటి, సర్టిఫికెట్లు, ఆ మొదటి రూలు అన్నీ ఆ తాళం వెనకే ఉన్నాయి. పరుగున పోయి, తెలిసినాయన్ని బతిమాలి, డోర్నకల్ స్టేషనుకు ఫోన్ చేయించాను. బండి అక్కడ ఆగినప్పుడు కిటికీ దగ్గరికి పోయి చెప్పారట. "ఫికర్ చేయొద్దని చెప్పుండ్రి" అందని తిరిగి కబురొచ్చింది. మా ఆవిడ ఆ మాట నమ్మలేదు. "నెల దాకా ఎందుకు, పిల్ల ఇయ్యాల్నే ఆగమైంది. నువ్వే చేసినవ్," అంది.

మర్నాడు పొద్దున బెజవాడ బండి పనిచేసే నాతోటి గార్డు చేతిలో తాళంచెవి పెట్టాను. మా రైల్వేవాళ్లకు ఇది కొత్త కాదు. పచ్చళ్లూ మందులూ పెళ్లి కార్డులూ అలా చేతులు మారుతూ ఊళ్లు దాటేవి. "అన్నా, బెజవాడల ఒకలకు ఇస్త, ఆయన రాజమండ్రిల ఇంకొకలకు ఇస్తడు. ముడ్తది," అన్నాడు. ఆ రెండు మూడు రోజులు నేను బాధపడ్డాననే అందరూ అనుకున్నారు. పడ్డాను. కానీ నిజం చెప్పాలంటే లోపల ఎక్కడో కొంచెం సంతోషం కూడా ఉంది. తెరుచుకోని పెట్టె ముందు కూర్చుని, బాపు ఉంటే బాగుండు అనుకుంటోంది కదా అనిపించేది. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పిల్ల నిలదొక్కుకోవాలని తయారుచేసిన మనిషినే, తను నాకోసం తడబడాలని కోరుకున్నాను.

ఆరో రోజున నాతోటి గార్డు ఇంటికొచ్చాడు. చేతిలో అదే తాళంచెవి, దానికి చుట్టిన చీటీ. వాల్తేరు దాకా పోయి తిరిగొచ్చింది. మా ఆవిడ గట్టిగా చదవమంది.

"బాపూ, చెవి ముట్టింది. కాని పెట్టె నేను వచ్చిన రోజే తెరిచిన. అందరు తాళం పలగ్గొట్టుమన్నరు, సుత్తె గూడ తెచ్చిన్రు. నువ్వు ఎంత తిరిగి కొన్న తాళమో నాకు తెల్సు, మనసు రాలే. మూత వెనక మడతబందుల సీలలు గుంజిన. పెట్టె తాత చూపెట్టిండు గదా. ఇప్పుడు వెనక నుంచి తెరుచుకుంటాంది. చూడనీకి ఆరుగురు అమ్మాయిలు జమైన్రు, అందరికి అమ్మ జేసిన సకినాలు పెట్టిన. నా మాటకు నవ్విన్రు, నేను గూడ నవ్విన. ఇప్పుడు ఇద్దరు నాతోని గట్లనే మాట్లాడుతాన్రు. చెవి వాపస్ పంపుతాన, దాచిపెట్టు. నెల సంగతి అమ్మను ఫికర్ చేయొద్దను."

'మనసు రాలే' అన్న చోట చీటీ పక్కకిచ్చేశాను. అక్కడినుంచి నాతోటి గార్డే చదివాడు. అంతా విని మా ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇగ నెల చూసుడెందుకు. పిల్ల ఉంటది," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఆగమైతాంది నువ్వే."

దసరా సెలవులకు పిల్ల ఒక్కతే వచ్చింది. నేను స్టేషనుకు పోయాను, ఈసారి పోర్టర్‌ను పిలవకుండా పెట్టె నేనే మోసి నడుం పట్టించుకున్నాను. ఇంటికి రాగానే, అందరూ చూస్తుండగా, దాచిన తాళంచెవి తీసి తాళం తెరిచి మూత ఎత్తాను. వెనక సీలలు లేవన్న సంగతి మరిచిపోయాను. మూత మొత్తం ఊడి నా రెండు చేతుల్లోకి వచ్చింది. లోపలివైపు నేను అంటించిన అట్టముక్క సరిగ్గా నా కళ్ల ముందుంది. జాగ లేదన్న చోటే, పదకొండో రూలు కింద, అంచు వెంబడి పిల్ల చేతిరాతతో ఇంకో వరుస ఉంది.

పన్నెండు: తాళంచెవి బాపు దగ్గరుంది. ఫికర్ లేదు.

"ఆ మూత దించయ్యా, నడుం నొస్తాందంటివి గదా," అంది మా ఆవిడ.

నేను దించలేదు. అది నా ముఖానికి అడ్డంగా ఉంది.