దించిన మర్నాడు ఆయన ఎక్కడ కూర్చున్నాడు?

నంద్యాల డిగ్రీ కాలేజీలో ఇన్నేళ్లుగా రాజనీతిశాస్త్రం చెబుతున్నా, నేను మనసుపడ్డ నాయకుడు ఒక్కడే. పసిఫిక్ మహాసముద్రంలో ఒక బుల్లి దీవికి మాజీ అధ్యక్షుడు. పొద్దున బస్సెక్కితే టిఫిన్ వేళకు ఆ దేశమంతా చుట్టి రావచ్చు. ఇరవై మందికి మించని సభ. ఆ సభ్యులే తమలో ఒకరిని అధ్యక్షుణ్ని చేస్తారు, నచ్చకపోతే అవిశ్వాసం పెట్టి దించేస్తారు. మా నాయకుణ్ని ఎన్నిసార్లు ఎక్కించి ఎన్నిసార్లు దించారో చెప్పాలంటే నేనూ వేళ్లు మడవాల్సిందే. అవిశ్వాస తీర్మానం పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదని స్టాఫ్‌రూమ్‌లో వాదించి గెలిచాను కూడా.

ఆయన్ని క్లాసు దాటించింది మాత్రం ఆళ్లగడ్డలో ఉన్న మా చిన్నమ్మ కోసమే.

చిన్నమ్మ రిటైరైన టీచరు. చర్చిలో స్త్రీల సమాజానికి ఏళ్ల తరబడి అధ్యక్షురాలు. అక్కడ ఎన్నికకు ఒక పద్ధతుంది. ప్రార్థన అయ్యాక ఎవరూ కళ్లు తెరవకూడదు. పేరు చదివితే చెయ్యెత్తాలి. పాస్టరమ్మ ఒక్కతే చూసి లెక్కపెడుతుంది. నిరుడు మొదటిసారి పోటీ వచ్చింది. ఎదురింటి టైలరమ్మ నిలబడింది. ఒక్క చెయ్యి తేడాతో చిన్నమ్మ ఓడిపోయి, సమాజానికి పోవడమే మానేసింది. చిన్నాయన చనిపోయాక ఆమెకున్న మనుషులంతా ఆ చాపల మీద కూర్చునేవాళ్లే. వాళ్లనూ వదులుకుంటే ఇక గోడలతో మాట్లాడుకోవాలి. నేను బస్సెక్కాను.

వేరుశనక్కాయలు వొలుస్తూ కూర్చుంది.

“నీ పేరు చదివినప్పుడు చెయ్యెత్తినావా?” అన్నాను.

“నాకు నేనే ఎత్తుకుంటారామే? సిగ్గుండొద్దూ?”

“మరి ఎవరికి ఎత్తినావు?”

“ఆయమ్మకే. పాపం, ఒక చెయ్యన్నా లేయకుంటే బాగుండదని.”

అంటే మా చిన్నమ్మను ఓడించిన ఆ ఒక్క చెయ్యి మా చిన్నమ్మదే! కోప్పడదామనుకుని నవ్వాను. నవ్వినందుకు తిట్లు తిని, మా అధ్యక్షుడి కథ మొదలుపెట్టాను.

“ఎవురు దించినారు వాణ్ని? బయటోళ్లా?”

“అంత చిన్న దీవిలో బయటోళ్లు యాడుంటారు చిన్నమ్మా? అందరూ ఎరిగినోళ్లే.”

“అదే మే. ఎరిగినోళ్లే దించేది.” రెండు గుప్పిళ్లు వొలిచింది. “ఆమీట?”

“మళ్లా ఎన్నుకున్నారు. మళ్లా దించినారు. నడుమ ఇంకొకాయన గద్దెనెక్కితే ఆయన కింద మంత్రిగా చేసినాడు. మళ్లా అధ్యక్షుడైనాడు.”

“వానికి రోసం లేదా?”

“ఉంది కాబట్టే మళ్లా వచ్చినాడు. ప్రజాస్వామ్యమంటే చిన్నమ్మా...”

“ఆ పాఠం నీ పిల్లోళ్లకు చెప్పుకో పో. దించిన మర్నాడు యాడ కూచున్న్యాడు? అది చెప్పు.”

ఇన్నేళ్లలో ఏ విద్యార్థీ అడగని ప్రశ్న. తెలియదని ఒప్పుకునే అలవాటు నాకు లేదు కాబట్టి ఆ సభ నియమాలు గుర్తు తెచ్చుకున్నాను.

“ఆ సభలోనే. అధ్యక్షుడి కుర్చీ పోయింది గానీ సభ్యుడి కుర్చీ పోలేదు కదా. ఎదురు వరసలో కూర్చొని కొత్తాయన్ని ప్రశ్నలడగొచ్చు.”

“అడగొచ్చునా?”

“అదే వాని పని.”

చిన్నమ్మ చాటలో పొట్టు ఊది, చాట పక్కన పెట్టింది.

సమాజం కూడే గురువారం సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని చర్చికి నడిచింది. ముందు వరసకు పోలేదు. వెనక గోడకు ఆనుకుని, సరిగ్గా టైలరమ్మకు ఎదురుగా కూర్చుంది.

“అక్కా, ముందుకు రా. నువ్వాడ కూచుంటే నాకు నోరు రాదు,” అంది టైలరమ్మ.

“నాకీడే బాగుంది. నువ్వు కానీ.”

చివర్న టైలరమ్మ, ఎవరికైనా అడిగేదుందా అంది. చిన్నమ్మ హయాంలో ఆ మాట ఎన్నడూ వినబడలేదట. చిన్నమ్మ చెయ్యెత్తింది, కళ్లు బాగా తెరుచుకునే.

“మంచాన పడిన ముసలామెను చూసేకి పోతామన్న్యారంట పోయిన వారం. ఎవురు పోయినారు?”

ఎవరూ పోలేదు.

“రేపు నేను పోతా. నువ్వూ రా. పాటల పుస్తకాలు చినిగిపోతాండాయి, ఎవురు కుడతారు? నీకు మిషనుంది కదా?”

నాలుగో ప్రశ్నకు పాస్టరమ్మ నా వైపు చూసింది, ఇదంతా నా నిర్వాకమే అన్నట్టు. కాదు, దీవిలో ఉండే మా మాజీ అధ్యక్షుడిది అని ఆమెకు ఎట్లా చెప్పేది?