ఉదయగిరి క్లాంప్ కనబడకుండా పోయిన శుక్రవారం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. ఆత్మకూరు బస్టాండు వెనక ప్రభుదాసు అన్నకు ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. అందులో నేను డిజైనర్‌ని. డిజైనర్ అనగానే చీరల మీద పూలు గీస్తాననుకునేవాళ్లు మా వీధిలో ఇప్పటికీ ఉన్నారు. కాదండీ. కంప్యూటర్‌లో క్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో యంత్రాలు గీస్తాను. నేను గీసిందాన్ని బట్టి వెల్డరు ఇనుము కోస్తాడు.

అప్పటికి మేం ఉదయగిరి కోసం ఒక మెషిన్ తయారు చేసి ఉన్నాం. అక్కడ చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కుతారు కదా, ఆ పనిలో మొదటి ముతక చెక్కుడే మనిషిని చంపేస్తుంది. దిల్షాద్ అక్క చిన్నప్పటి నుంచీ అదే చేస్తోంది, ఆమె కుడి భుజం పైకి లేవదు. ముతక పని మెషిన్‌కు అప్పజెప్పి, నగిషీ ఆమెకు వదిలేద్దాం అన్నది ప్రభుదాసు అన్న ఆలోచన. ట్రయల్ మెషిన్‌ను ఆమె ఇంటి వరండాలో పెట్టి, అక్కడే మార్చి మార్చి బాగు చేశాం. చివరికి అది అరిగిపోయి షెడ్డులో మూలన పడింది కానీ, దాని గురించి విన్న బెంగళూరు కంపెనీ ఒకటి అలాంటివి ఫ్యాక్టరీలో చేయిస్తామని ముందుకొచ్చింది. మొదటి మెషిన్ దిల్షాద్ అక్కకే ఇస్తామంది.

ఒకటే షరతు. డ్రాయింగులన్నీ వాళ్ల డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లోకి శుక్రవారం సాయంత్రంలోగా ఎక్కించాలి. ప్రతి డ్రాయింగుకూ అసలు కాపీ ఒక్కటే ఉండేలా, ఎవరు మార్చారో ఎవరు ఒప్పుకున్నారో తెలిసేలా కాపలా కాసే వ్యవస్థ అది. ఆ సాయంత్రం దాటితే ఆ విడతలో మా మెషిన్‌కు చోటు లేదు. నాకైతే చేతులు దురదపెట్టాయి. అలాంటి సిస్టమ్‌ను అంతవరకు వీడియోల్లోనే చూశాను.

ఇందులో చిక్కు అసెంబ్లీతో వస్తుంది. అసెంబ్లీ అంటే మెషిన్ మొత్తం కనిపించే ఫైలు. నిజానికి అందులో విడిభాగాలు ఉండవు. ఏ భాగం ఏ ఫోల్డర్‌లో ఉంది, దేనికి ఎలా అతుక్కుంటుంది అనే లింకులే ఉంటాయి. ఫైలు చోటు మారితే లింకు తెగుతుంది. మొదటిసారి ఎక్కించినప్పుడు స్క్రీను నిండా ఎర్ర గుర్తులే. సగం లింకులు ప్రభుదాసు అన్న పెన్‌డ్రైవ్ వైపు చూస్తున్నాయి, ఆ పెన్‌డ్రైవేమో ఆయన స్కూటర్ డిక్కీలో ఉంది. నెత్తి కొట్టుకుని అన్ని ఫోల్డర్లూ ఒకచోట చేర్చి మళ్లీ ఎక్కించాను. శుక్రవారం మధ్యాహ్నానికి అన్నీ పచ్చ టిక్కులే. కుర్చీలోంచి లేచి ఒక చుట్టు తిరిగేశాను, వెల్డింగు ఆపి మరీ చూశారు అందరూ.

ఆ రోజు ఎక్కించడం అయిపోతుందని తెలిసి దిల్షాద్ అక్క పొద్దున్నే బస్సెక్కి వచ్చి కాచుకుని ఉంది. "ఏదీ, నా మిషన్ చూపించు. పెళ్లికూతుర్ని చూసేదానికి వచ్చినట్టు వచ్చినాను" అంటూ నా పక్కన కూర్చుంది. సిస్టమ్‌లోంచే అసెంబ్లీ తెరిచి అటూ ఇటూ తిప్పి చూపించాను.

"బాగుండాది. నేను చెయ్యి యాడ పెట్టాల?"

చూపిద్దామని చెక్కను బిగించే క్లాంప్ దగ్గరకు జూమ్ చేశాను. అక్కడ వేళ్లకు అడ్డంగా ఒక ఇనుప పెదవి ఉండాలి. లేదు. వంకర చెక్కను కరిచి పట్టే పళ్లు కూడా లేవు. అది మేం ఆత్మకూరులో తిన్నని చెక్క కోసం మొదట చేసిన క్లాంప్. ఉదయగిరి కొండ చెక్క వంకరగా ఉంటుంది, ఆ క్లాంప్ పట్టు జారి, కట్టర్ మీదికి వెళ్లబోయిన చేతిని ఆమె వెనక్కి లాక్కున్న రోజునే మేం దాన్ని మార్చాం.

సంగతి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. మా షెడ్డులో ఊరికో ఫోల్డర్. ఆత్మకూరు ఫోల్డర్‌లో క్లాంప్, ఉదయగిరి ఫోల్డర్‌లో క్లాంప్, జలదంకి వేరుశనక్కాయల మెషిన్‌కు ఇంకో క్లాంప్. అన్నిటికీ పేరు క్లాంపే. మా వైపు ఊరూరా పెంచలయ్యలే. ఏ ఊళ్లోనైనా పెంచలయ్య అని అడిగితే ఆ ఊరి పెంచలయ్య ఇల్లు చూపిస్తారు. నెల్లూరు బస్టాండులో నిలబడి పెంచలయ్య అంటే ఎవరు పలుకుతారు? కంపెనీ సిస్టమ్‌కు ఊళ్లు తెలియవు. ముందు ఎక్కిన ఆత్మకూరు క్లాంప్‌నే పట్టుకుని, అన్ని లింకులనూ దానికే కట్టేసి, పచ్చ టిక్కు పెట్టేసింది.

బెంగళూరు కంపెనీ ఇంజినీరుకు ఫోన్ చేశాను. "ఎర్రర్ ఒక్కటీ లేదు మేడమ్, అప్రూవ్ చేస్తున్నాను. సోమవారం ఫ్యాక్టరీలో కటింగ్ మొదలు" అన్నాడు. ఆపమన్నాను. "వెనక్కి తీసుకుంటే మీ చోటు పోతుంది. సాయంత్రంలోగా మళ్లీ ఎక్కించగలరా?" అని అడిగాడు.

ప్రభుదాసు అన్న పక్కనే నిలబడి వింటున్నాడు. "ఈసారి పోతే మళ్లా పిలవరు సునీతా. ఫ్యాక్టరీలో చేసేటప్పుడు చెప్పుకుంటే సరిపోదా?" అన్నాడు. ఎవరికి చెప్తాం, ఇనుము కోసే లేజర్ మెషిన్‌కా అన్నాను. నా నోరు కొంచెం దురుసే.

దిల్షాద్ అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అన్న ఆ చేతుల వైపు చూశాడు. "ఆపమను" అన్నాడు.

ఇక చూడాలి నా హడావిడి. అన్నం డబ్బా తెరవను కూడా లేదు. పార్టులన్నిటికీ ఊరి పేరు కలిపి కొత్త పేర్లు, అదీ క్యాడ్ లోపలి నుంచే. ఫోల్డర్‌లో పైపైన పేరు మారిస్తే లింకులు తెగుతాయి. లోపలి నుంచి మారిస్తే లింకు కొత్త పేరు వెంట వస్తుంది. తర్వాత విడిభాగాలు ముందు, చిన్న అసెంబ్లీలు ఆ వెనక, మొత్తం మెషిన్ చివర, ఆ వరసలో ఎక్కించాను. మధ్యలో కరెంటు పోతే అన్న జనరేటర్ దగ్గరే నిలబడ్డాడు. "ఏందిరా ఈ కరెంటు" అని ఆయన లైన్‌మన్‌ను తిడుతుంటే నాకు నవ్వు ఆగలేదు. భయంగా ఉంది, అంతకు మించి హుషారుగా ఉంది.

మళ్లీ పచ్చ టిక్కులు. ఈసారి చుట్టు తిరగలేదు. క్లాంప్ తెరిచి, ఇనుప పెదవి చూసి, పళ్లు చూసి, దిల్షాద్ అక్క చేత వేలు పెట్టించి మరీ చూపించాను. "ఇదే. ఇది నాదే" అంది. సాయంత్రం దాటకముందే బెంగళూరు నుంచి అప్రూవల్ వచ్చింది.

లింకులన్నిటికీ ఏదో ఒక ఫైలు దొరికిందని మాత్రమే పచ్చ టిక్కు చెబుతుంది. దొరకాల్సిందే దొరికిందా అన్నది మనమే తెరిచి చూసుకోవాలి. నేను ఇప్పుడు ఎవరి డ్రాయింగులు ఎక్కించినా, మనిషి చెయ్యి తగిలే భాగాన్ని ముందు తెరుస్తాను.

సిస్టమ్‌లో ప్రతి పార్టుకూ వివరం రాసే గడి ఒకటి ఉంటుంది. ఆ రోజు తొందరలో క్లాంప్ గడిలో నాకు తోచింది కొట్టేశాను. ఎవరో ఒకరు చెరిపేస్తారనుకున్నా. కొన్ని నెలలకు ఉదయగిరిలో దిల్షాద్ అక్క వరండాలో కొత్త మెషిన్ దింపాం. దాంతో పాటు వచ్చిన ఫ్యాక్టరీ డ్రాయింగులో క్లాంప్ పక్కన, అచ్చు అక్షరాల్లో, నా మాటలే ఉన్నాయి: వంకర చెక్కకు. అక్క చెయ్యి ఇక్కడ ఉంటుంది.