బేగం కనిపించని ఎనిమిది రోజులు

నిన్న పొద్దున చాయ్ పెట్టుకుంటుంటే ఫోన్. షమీమ్ బిడ్డ నస్రీన్.

"ఖాలా... అమ్మీ పోయింది."

చాయ్ పొంగి స్టవ్ మీదంతా పారుతోంది. చూస్తూనే నిలబడ్డాను.

మొన్న సాయంత్రమే కదా మాట్లాడుకున్నాం. అరగంటసేపు మోకాళ్లను తిట్టుకున్నాం కదా.

తర్వాత నా నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న వింటే మీరు నన్ను తిడతారు.

"మీ అమ్మీ పిల్లి ఏడున్నదే?"

"అమ్మీ మంచం మీదనే ఖాలా. లేపవోతే గుర్రుమంటున్నది."

ఫ్రెండ్స్, అబద్ధం చెప్పను. అరవై ఎనిమిదేళ్ల వయసులో, ప్రాణస్నేహితురాలు పోయిందని విన్న నిమిషంలో, నాకు ఆ పిల్లి మీద కుళ్లు పుట్టింది. నాకన్నా ముందు అది అక్కడుంది.

ఈ కుళ్లు ఇప్పటిది కాదు.

అరవైల చివర. బోధన్‌లో వాళ్ల ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ. మా బాపు చెరుకు పండించేవాడు. షమీమ్ వాళ్ల అబ్బా ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. షమీమ్ నాకన్నా ఏడాది పెద్ద. బడికి పోయినా, అష్టాచెమ్మ ఆడినా, జామకాయ కొరికినా మేమిద్దరమే.

అప్పుడు బేగం వచ్చింది.

తెల్ల పిల్లి, ఒక చెవి నలుపు. ఓ వానలో తడిసి వాళ్ల వాకిట్లోకి వచ్చింది, ఇక ఆ ఇల్లు దానిదే. పేరు పెట్టింది షమీమే. పేరుకు తగ్గ టెక్కు. పాలు షమీమ్ ఊది పెడితేనే తాగేది, నేను ఊదితే మూతి తిప్పుకునేది. అబ్బా కొత్తగా కళాయి వేసిన గిన్నెలో తన మొహమే చూసుకొని, ఇంకో పిల్లి అనుకొని కొట్లాటకు పోయేది. షుగర్ ఫ్యాక్టరీ సైరన్ మోగితే మాత్రం బేగంగారి దర్జా అంతా పోయేది. బియ్యం డబ్బా వెనక దూరేది.

అష్టాచెమ్మలో సరిగ్గా నేను గెలిచే టైంకి వచ్చి గళ్ల మీద కూర్చునేది. అదీ నా వైపు వీపు పెట్టి.

"లేపకే లచ్చీ, పాపం, పండుకోనీ" అనేది షమీమ్.

నా ఆట పాడైందని ఒక్క మాట లేదు. రోజూ బేగం ముచ్చట్లే. బేగం తుమ్మింది. బేగం బల్లిని పట్టింది. నాకు కొత్త లంగా కుట్టిస్తే షమీమ్ చూడనైనా చూడలేదు. పిల్లికన్నా నేనేం తక్కువ అని గోడకు ఇవతల కూర్చొని ఏడ్చాను.

ఒకరోజు బాపు బండి కట్టుకొని కోటగిరికి బయలుదేరాడు. అక్కడ బాపు వాళ్ల అమ్మ, మా అవ్వ ఉండేది.

"బాపూ, అవ్వ ఇంట్ల ఎలుకలు శానా అయినయంట. షమీమోళ్లు పిల్లినిచ్చిండ్రు, తీస్కపోదాం" అన్నాను. పచ్చి అబద్ధం. బాపు నమ్మాడు.

మా దిక్కు పిల్లిని ఊరు మార్చాలంటే ఒక పద్ధతి ఉంది. గోనెసంచిలో వేసి మూతి కట్టాలి. ఊరు దాటేటప్పుడు సంచిని మూడు చుట్లు తిప్పాలి. కొత్త ఇంటి గడప దాటేదాకా విప్పకూడదు. దారి చూసిందంటే తిరిగొచ్చేస్తుంది.

ఎండుచేప ఆశ చూపి సంచిలో వేశాను. మూడు చుట్లూ తిప్పాను. కాలువ గట్టు ఎక్కేసరికి లోపల బేగం ఏడుపు మొదలుపెట్టింది. అచ్చం చంటిపిల్లే. మొదట ఒళ్లు మండింది. కాసేపటికి నాకే ఏడుపొచ్చింది. గాలాడక చస్తుందేమోనని మూతి కొంచెం వదులు చేశాను.

"ఇప్పకు బిడ్డా, తొవ్వ సూస్తది" అన్నాడు బాపు.

బేగం తల బయట పెట్టి కాలువను చూసింది, చెరుకు తోటలను చూసింది, నన్ను చూసింది. మళ్లీ కట్టడానికి నాకు చేతులు రాలేదు.

అవ్వ ఇంట్లో దాన్ని దింపి వచ్చేసరికి షమీమ్ మా గడప మీద కూర్చొని ఉంది. కళ్లు వాచిపోయాయి.

"బేగం కనవడ్తలేదే లచ్చీ. నువ్వు రావే, ఇద్దరం దేవులాడుదాం."

నేను రానంటానా?

ఎనిమిది రోజులు. బాపు చెరుకు కొట్టించే పనిలో పడ్డాడు, ఏమీ పట్టించుకోలేదు. బడి వదలగానే షమీమ్ నా చెయ్యి పట్టుకొని గల్లీ గల్లీ తిప్పేది. ఫ్యాక్టరీ గేటు దగ్గర వరసగా ఆగిన చెరుకు బండ్ల కింద దూరి చూశాం. ఆకలైతే ఒకే చెరుకు గడ ఇద్దరం నమిలాం. అలసిపోతే నా భుజం మీద తల పెట్టేది.

"నువ్వు లేకుంటే నేనేమైదునే" అనేది.

నేనూ "బేగం, బేగం" అని గొంతు చించుకునేదాన్ని. అది రావద్దని లోపల మొక్కుకునేదాన్ని.

తొమ్మిదో రోజు అది వాళ్ల వాకిట్లో ఉంది. చిక్కి సగమైంది, కాళ్ల నిండా బురద.

షమీమ్ నా చెయ్యి వదిలేసి పరుగెత్తింది.

కొన్నేళ్లకు బేగం ముసలిదై పోయింది, ఇంకోటి వచ్చింది, దాని తర్వాత ఇంకోటి. పెళ్లయి నిజామాబాద్ పోయినా షమీమ్ ఒళ్లో పిల్లి లేని రోజు లేదు. నేను ఎప్పుడు పోయినా ముందు దానికి పాలు, ఆ తర్వాత నాకు చాయ్. యాభై ఏళ్లు నేను రెండో నంబరే.

నిన్న షమీమ్‌ని మట్టి చెయ్యడానికి తీసుకుపోయాక ఆమె గదిలో మిగిలింది మేమిద్దరమే, నేనూ ఆ పిల్లీ. అది నా వైపు చూడలేదు. నేనూ పలకరించలేదు.

షమీమ్, ఇన్నేళ్లూ నోరు రాలేదు. బేగంను సంచిలో కట్టి తీసుకుపోయింది నేనే.

నిన్ను ఏడిపించినందుకు సారీ.

తీసుకుపోయినందుకు మాత్రం సారీ చెప్పలేను. ఆ ఎనిమిది రోజులే నువ్వు మొత్తం నా దోస్తువి.

పోయి రా. అల్లా నిన్ను చల్లగా చూడాలి. హాయిగా నిద్రపో. అక్కడ నీ చుట్టూ ఎన్ని పిల్లులైనా ఉండనీ, నేను వచ్చిన రోజు ఒక్కసారి వాటిని పక్కకు జరుపు.