టాలివర్ తిరిగొచ్చిన ఆగస్టు

కోచ్ రాయిస్ టాలివర్ మళ్ళీ వస్తున్నాడని తెలియగానే ఆష్‌గ్రోవ్ ఊరంతా పండగ చేసుకుంది. బేకరీవాళ్ళు కేకు మీద అతని బొమ్మ కూడా వేశారు. కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సామాను గదిలో ముప్పై ఒక్క ఏళ్ళుగా హెల్మెట్లు బిగిస్తున్న వెర్లిన్ ప్రూయిట్‌కి మాత్రం ఒళ్ళు మండిపోయింది. సిగ్గులేని ఊరు! తొమ్మిదేళ్ళ కిందట పెద్ద కాలేజీ పిలవగానే, సీజన్ మధ్యలో, కుర్రాళ్ళకు ఒక్క మాటైనా చెప్పకుండా చెక్కేసిన మనిషి ఇతనే కదా!

అంతకుముందు ఏడాదే ఈ టాలివర్ వెర్లిన్ ఇంటి సోఫాలో కూర్చుని, అతని భార్య నోరా పీచ్ పళ్ళతో చేసిన కాబ్లర్ అనే తీపి వంటకం అడిగి మరీ రెండోసారి వేయించుకున్నాడు. "మీవాణ్ణి నాకు వదిలెయ్యమ్మా. పట్టా చేతికొచ్చేదాకా వాడి పూచీ నాది" అన్నాడు. ఆ మాట నమ్మి కొడుకు గ్యారెట్ ఇంకో కాలేజీ పిలిచినా వెళ్ళలేదు. టాలివర్ పోయాక వచ్చిన కోచ్ తనకు కావలసిన ఆటగాళ్ళను తెచ్చుకున్నాడు. గ్యారెట్ స్కాలర్‌షిప్ పోయింది, చదువూ ఆగింది. ఇప్పుడు గ్యాస్ ట్యాంకర్ తోలుతున్నాడు. తోలితే తప్పేం లేదు. కానీ ఆ రోజు నుంచీ వాడు టీవీలో కూడా ఆట చూడడు. అదే వెర్లిన్‌కి మింగుడుపడటం లేదు. 'మీవాడికి అన్యాయం చేశాను' అని టాలివర్ తన నోటితో అనాలి. వెర్లిన్ కోరుకుంటున్నది అంతే.

సీజన్‌కి ముందు జరిగే శిక్షణ శిబిరంలో మొదటి ఉదయం. కోచ్‌లకు ఎవరు ఎవరో తెలియడానికి ప్రతి హెల్మెట్ నుదుట తెల్ల టేపు అంటించి పేరు రాయడం ఆనవాయితీ. కుర్రాళ్ళు వరసగా నిలబడితే వెర్లిన్ రాస్తున్నాడు. టాలివర్ వచ్చి భుజం మీద చరిచాడు.

"ఏమోయ్ వెర్లిన్, ఇంకా ఇక్కడే ఏడుస్తున్నావా?"

"వెళ్ళిపోయింది మీరు కదా కోచ్. నేనెక్కడికి పోతాను?"

కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు.

"ఆ టేపులు పీకెయ్. నా బిడ్డల పేర్లు నాకు టేపు చూస్తేగానీ తెలియవా? చదువయ్యేదాకా వీళ్ళ పూచీ నాది!"

వెర్లిన్ చెయ్యి ఆగిపోయింది. "ఆ మాట మా ఇంట్లోనూ అన్నారు."

"ఆఁ... అవునవును. మీ అబ్బాయి! బాగున్నాడా? వాడి పేరు... అబ్బా, నోట్లోనే ఆడుతోంది."

వెర్లిన్ టేపు బర్రున చింపి, లావుపాటి అక్షరాలతో గ్యారెట్ ప్రూయిట్ అని రాసి, కోచ్ గుండెల మీద ఫెడీమని అంటించాడు.

"పీకావంటే ఊరుకోను! వాడి ముందు నిలబడి, ఆ పేరుతో పిలిచి, తప్పయిందని చెప్పేదాకా అది అక్కడే ఉండాలి."

"వెర్లిన్, కుర్రాళ్ళ ముందు ఏంటిది?"

"కుర్రాళ్ళ ముందే! వీళ్ళమ్మల సోఫాల్లోనూ కూర్చుని వచ్చావుగా!"

ఎవరూ నవ్వలేదు. వరసలో ముందున్న కుర్రాడు వంగి ఆ పేరు పైకే చదివాడు.

"ఈయనెవరు కోచ్?" అని అడిగాడు.

టాలివర్ సాయం కోసం వెర్లిన్ వైపు చూశాడు. వెర్లిన్ తర్వాతి హెల్మెట్ కోసం టేపు చింపుతున్నాడు.