శుక్రవారంలోపు అందాల్సిన డబ్బు

2022 మార్చి నెల. అప్పుడు నేను జగ్గయ్యపేటలో ఒక బ్యాంకు శాఖలో అసిస్టెంట్ మేనేజర్‌ని. ఇల్లు నందిగామలో. పొద్దున ఎనిమిదింటి బస్సు ఎక్కితే తొమ్మిదికల్లా శాఖకు చేరేదాన్ని. మిరప కోతలైపోయే రోజులు. దారి పొడవునా కల్లాల్లో కాయలు ఎర్రగా ఆరబోసి ఉండేవి. బస్సు కిటికీలు మూసినా ఘాటు ముక్కుకు తగిలేది. శాఖ ముందు బండి దగ్గర అల్లం టీ తాగి లోపలికి అడుగుపెడితే సాయంత్రం దాకా తల ఎత్తే పని లేదు. ఇప్పుడు విజయవాడలో ఏసీ గదిలో కూర్చుని ఖాతాదారుల ఫిర్యాదులు చదువుతున్నాను. ఫిర్యాదులో ఒక నంబరు ఉంటుంది, మనిషి ముఖం ఉండదు. అందుకేనేమో, జగ్గయ్యపేటలో చూసిన ముఖాలు ఇప్పుడు ఎక్కువగా గుర్తొస్తున్నాయి. వాటిలో మొదట వచ్చేది నాగరత్నం ముఖం.

ఒక సోమవారం పొద్దున ఆమె శాఖలోకి వచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయి. ఆమె నా టేబుల్ దగ్గరకు రాకముందే క్యాష్ కౌంటర్లో ఉన్నాయన వరసగా మూడుసార్లు తుమ్మాడు.

"నా వల్లేనండి. కారం పట్టే మిల్లులో పని. స్నానం చేసినా పోదు," అంటూ కాస్త సిగ్గుగా నవ్వి, ఫోన్ నా ముందు పెట్టింది. "ఇందులో డబ్బులు కనపడతన్నయ్ గానీ పంపిస్తుంటే పోవట్లేదు. మూడు రోజుల్నుంచీ చూస్తున్నా."

నాగరత్నానిది పెనుగంచిప్రోలు. అక్కడ ఒక శెట్టిగారి మిల్లులో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. మిల్లులో పిండిమర ఒకటి, కారం మర ఒకటి. మోకాళ్ళ నొప్పులతో నిలబడలేక శెట్టిగారు మిల్లు మూసేద్దామనుకున్నారు. రెండు మరలూ తనకే అమ్మమని నాగరత్నం అడిగింది. ఇద్దరూ లక్షా అరవై వేలకు ఒప్పుకున్నారు. డబ్బు శుక్రవారం లోపు ఇవ్వాలి. లేకపోతే మధిర నుంచి వచ్చిన ఇంకొకాయన రెండూ తీసుకెళ్తాడు.

డ్వాక్రా గ్రూపు అప్పు, చీటీ డబ్బు, కమ్మలు తాకట్టు పెడితే వచ్చింది, అన్నీ కలిపి ఆమె ఫోన్‌లో కొత్తగా తెరిచిన ఖాతాలో వేయించుకుంది. అది మా బ్యాంకు ఖాతాయే. "బ్యాంకుకొచ్చి లైన్లో నిలబడితే ఒక పూట కూలి పోద్దండి. పది నిమిషాల్లో ఖాతా అని ఫోన్లో వచ్చింది. నిజంగానే పది నిమిషాల్లో అయిపోయింది," అంది.

తెరవడం పది నిమిషాలే. చిక్కంతా తర్వాత వచ్చింది. ఆధార్‌కు వచ్చే ఓటీపీతో ఇంట్లో కూర్చుని తెరిచే ఖాతాకు ఒక పరిమితి ఉంటుంది. నిల్వ లక్ష దాటకూడదు. దాటితే డెబిట్ ఫ్రీజ్ పడుతుంది. అంటే డబ్బు ఉంటుంది, బయటికి రాదు. మనిషిని, కాగితాలను ఎదురుగా చూసి బ్యాంకు నిర్ధారించుకుంటేనే అది తొలగుతుంది. దాన్నే ఫుల్ కేవైసీ అంటాం. ఈ సంగతి ఆ యాప్‌లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. పది నిమిషాల మాటేమో పెద్ద అక్షరాల్లో ఉంది.

"డబ్బెక్కడికీ పోలేదు, భయపడకండి," అని చెప్పి బయోమెట్రిక్ యంత్రం దగ్గరకు తీసుకెళ్ళాను. వేలిముద్ర పడితే పని ఆ రోజే అయిపోతుంది. కుడి బొటనవేలు పెట్టింది, పడలేదు. చూపుడువేలు పడలేదు. తడిగుడ్డతో తుడిచి పదివేళ్ళూ పెట్టించాను.

"పడవులెండి. పిండి మెత్తగా వచ్చిందో లేదో వేళ్ళతో నలిపి చూడాలిగా. వేడి పిండి. గీతలన్నీ అరిగిపోయినయ్," అంది వేళ్ళు చూసుకుంటూ.

ఇక మిగిలింది కాగితాల దారి. ఫారం నింపి, ఆధార్, పాన్ కాగితాలు స్కాన్ చేసి హైదరాబాద్‌లోని ప్రాసెసింగ్ సెంటర్‌కు పంపాలి. వాళ్ళు చూసి ఫ్రీజ్ తీస్తారు. రెండు పనిదినాలు పడుతుంది. బుధవారానికి అయిపోతుందని చెప్పాను. ఆమె లేచి రెండు చేతులూ జోడించింది.

బుధవారం మధ్యాహ్నం సిస్టమ్ తెరిచి చూస్తే ఆమె దరఖాస్తు తిరస్కరించినట్టు ఉంది. కారణం ఒక్క లైను: ఆధార్ వెనుక వైపు జతచేయలేదు. చిరునామా ఉండేది వెనుకే. సోమవారం రద్దీలో నేను ముందు వైపు మాత్రమే స్కాన్ చేశాను. కార్డు నా చేతుల్లోనే ఉంది, తిప్పలేదు.

మళ్ళీ పంపాను. సెంటర్‌కు ఫోన్ చేసి బతిమాలాను. "మేడమ్, క్యూ ప్రకారమే చూస్తాం," అన్నారు. మా పై ఆఫీసు వాళ్ళు కూడా తమ చేతిలో లేదన్నారు. మళ్ళీ రెండు పనిదినాలు. శుక్రవారం దాటుతుంది. ఆ వారం రెండో శనివారం, సెలవు.

నాలుగింటికి నాగరత్నం వచ్చింది. నేను చెప్పింది ఇదీ: "సిస్టమ్ రిజెక్ట్ చేసిందండి. మళ్ళీ పంపాం. సోమవారం అవుతుంది."

ఆమె ఫోన్ తీసి చూసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "నేనేమన్నా తప్పు నొక్కానా మేడమ్‌గారూ, ఫోన్లో?"

ఆ ప్రశ్నకు "లేదండి" అని మాత్రం అన్నాను. ఆమె వెళ్ళిపోయింది. పని ముగించి నందిగామ బస్సు కోసం నిలబడ్డాను. బస్సు వచ్చింది, ఎక్కబుద్ధి కాలేదు. తప్పు తనదేమోననుకుంటూ ఆమె ఊరికి వెళ్ళింది. తప్పు నాదని తెలిసి నేను హాయిగా ఇంటికి పోతున్నాను. పెనుగంచిప్రోలు వెళ్ళే ఆటో కనబడితే అందులో ఎక్కాను.

నేను వెళ్ళేసరికి మిల్లులో ఇంకా పని నడుస్తోంది. కుర్చీలో శెట్టిగారు, మర దగ్గర నాగరత్నం. నన్ను చూసి మోటారు ఆపేసింది. నన్ను నేను పరిచయం చేసుకున్నాను. నాగరత్నమే ఫోన్ తీసి ఖాతాలో ఉన్న డబ్బు ఆయనకు చూపించింది.

"మీ బ్యాంకులోనే ఉంది కదమ్మా. మరి తీయటానికేంటి అడ్డం?" అన్నారాయన.

"నా పొరపాటండి," అన్నాను. "ఆధార్ కార్డు వెనక వైపు స్కాన్ చెయ్యకుండా పంపించా. అందుకని వెనక్కొచ్చింది. ఈమె తప్పేం లేదు. సోమవారం డబ్బు చేతికొస్తుంది. మీరు అప్పటిదాకా ఆగితే..."

నాగరత్నం నా వైపు చూసింది. బ్యాంకులో ఆమె ముఖంలో కనబడిన బెదురు పోయి, కోపం వచ్చింది.

శెట్టిగారు మోకాళ్ళు రుద్దుకుంటూ మరల వైపు చూశారు. "శుక్రవారం రత్నం కట్టకపోతే రెండూ తీసుకెళ్ళమని మధిర ఆయనకు మాటిచ్చానమ్మా. ఊరికే రావద్దని చెప్పలేను. కారం మర ఆయనకిస్తా. పిండిమర మాత్రం ఉండనిస్తా, ఏదో ఒకటి సర్దిచెప్తా." తర్వాత నాగరత్నాన్ని చూసి, "ఇంతకంటే చెయ్యలేనే రత్నం," అన్నారు.

అది చిన్న నష్టం కాదు. ఆ ఊళ్ళో ఏడాది సంపాదనలో ఎక్కువ భాగం మార్చి, ఏప్రిల్ నెలల్లో కారం పట్టిస్తేనే వస్తుంది. పిండిమర మీద రోజులు వెళ్ళదీయడమే. శుక్రవారం కారం మరను లారీలోకి ఎక్కించారు. సోమవారం మధ్యాహ్నం ఫ్రీజ్ తొలిగింది. నా టేబుల్ ముందే కూర్చుని ఆమె పిండిమర డబ్బు పంపింది. డబ్బు చేరిందని శెట్టిగారు ఫోన్ చేశాక, మిగతాది గ్రూపుకు తిరిగి కట్టి, కమ్మలు విడిపించుకోవడానికి వెళ్ళింది.

తర్వాత నాకు బదిలీ అయింది. కారం మర పోయిన రెండేళ్ళకు ఒకరోజు ఆమె ఫోన్ చేసింది. వీరులపాడులో ఎవరో పాత కారం మర అమ్ముతుంటే కొన్నానని, ఆ రోజే మొదటి కారం పట్టానని చెప్పింది. వెనక మోటారు చప్పుడుకు సగం మాటలు వినపడలేదు. నేను చాలాకాలంగా అడగాలనుకున్నది అడిగేశాను.

"అప్పుడు నా మీద కోపం రాలేదా నాగరత్నంగారూ?"

"వచ్చిందండి. కొంచెం ఇప్పటికీ ఉంది. రెండు సీజన్లు పోయినయ్ గదా. కానీ మీరు మిల్లు దాకా వచ్చి చెప్పబట్టి పిండిమరన్నా దక్కింది. లేకపోతే నాకు ఫోన్ వాడటం చేతకాలేదనే అనుకునేదాన్ని."

ఖాతాదారుకు ప్రాసెసింగ్ సెంటర్ తెలియదు, సిస్టమ్ అంటే ఏమిటో తెలియదు. వాళ్ళకు తెలిసిన బ్యాంకు ఎదురుగా కూర్చున్న మనిషే. ఆ మనిషి తప్పు ఒప్పుకోకపోతే, దాన్ని వాళ్ళు తమ నెత్తిన వేసుకుని ఇంటికి పోతారు. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళకు నేను ఈ సంగతి చెబుతుంటాను. చెప్పినప్పుడల్లా నాగరత్నం పోగొట్టుకున్న రెండు సీజన్ల గురించి కూడా తప్పకుండా చెబుతాను. అది వదిలేస్తే, నేను ఆటో ఎక్కి వెళ్ళి ఒక మంచిపని చేసినట్టు మాత్రమే వినబడుతుంది.