మార్తమ్మ గేటూ, తీసేసిన రీలూ

గుడివాడలో ఆ సినిమాహాలు ఆడవాళ్ల గేటు దగ్గర మార్తమ్మ పదకొండేళ్లుగా టికెట్లు చింపుతోంది. ముసలమ్మలను ఫ్యాను కింద కూర్చోబెట్టడం, తల్లులు టికెట్టు కొనేదాకా చంటిపిల్లలను ఎత్తుకోవడం జీతంలో లేని పనులు. వాటిని ఆమె ఎప్పుడూ పనులనుకోలేదు.

ఇంకో సంగతి ఉంది. ఆడవాళ్లు టికెట్టు కొనే ముందు, "మార్తమ్మా, ఆఖరికి బాగుంటుందా?" అని అడుగుతారు. "బాగుంటుందమ్మా" అంటే సరే. "కొంగు తడుస్తుందమ్మా" అంటే తడుపుకోవడానికే వస్తారు. పోస్టరు మాట ఎవరికీ పట్టదు. అందుకే రీళ్ల పెట్టె వచ్చిన రోజున ఆపరేటరు ఖుద్దూస్ వేసి చూసే ఆటకు మార్తమ్మ కూడా కూర్చోవాలని హాలు ఆనవాయితీ.

డెబ్బై తొమ్మిదిలో, ఎప్పుడో తీసిన ఒక పేరున్న సినిమా మళ్లీ వచ్చింది. మూలం గొప్ప నవలట. ఊరంతా దణ్ణం పెట్టే పెద్దమనిషి ఒకడు రోజూ పాలలో మత్తుమందు కలిపి భార్యకు పడుతూ, ఆమెకు మతి చెడిందని లోకానికి చెబుతాడు. ఆమె గదిలో ఎండిపోతుంటే, "ఎంత సేవ చేస్తున్నాడో మహానుభావుడు" అని జనం అతన్నే మెచ్చుకుంటారు. పదమూడో రీలులో ఆమె తేరుకుని భర్త కాళ్లకు మొక్కుతుంది. పద్నాలుగో రీలులో తనే పాలు కాచి గ్లాసు అతని చేతికిస్తుంది. అతను గ్లాసులోకి చూస్తాడు. ఆమె అతన్ని చూస్తుంది. అంతే, అయిపోతుంది.

హాల్లో లైట్లు వెలిగేసరికి యజమాని పిచ్చేశ్వరరావు గారు చెమట తుడుచుకుంటున్నారు. పక్కనే ఆయన స్నేహితుడు, ప్లీడరు వెంకటాద్రి గారు. ఆ నవల మీద లైబ్రరీలో గంటన్నర ఉపన్యాసం దంచిన మనిషి.

"నవల మహత్తరమండీ, సందేహం లేదు. కానీ ఆడవాళ్లకి తగదు. మా ఇంట్లో దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను."

"మరి ఏం చేద్దామంటారు?"

"ఆఖరి రీలు తీయించెయ్యండి. కాళ్లకి మొక్కిన దగ్గర ఆపారనుకోండి, చక్కటి కుటుంబ కథ!"

ఖుద్దూస్ ఓ పాత భక్తి సినిమా తోకముక్క వెతికి అక్కడ అతికించాడు. భార్య వంగగానే శంఖం మోగి, పూలు కురిసి, "శుభం" అని పడుతుంది.

"ఎవరడిగినా సుఖాంతమని చెప్పు మార్తమ్మా" అన్నారు పిచ్చేశ్వరరావు గారు.

"కాదు కదండీ."

"మనం ఆపిన చోట సుఖాంతమేగా!"

"మనం ఆపితే ఆవిడ కష్టం ఆగుద్దాండీ?"

"అవన్నీ ఆదివారం మీ ప్రార్థనలో చెప్పుకో. ఇక్కడ నేను చెప్పింది చెప్పు. లేదా గేటు తాళం ఇచ్చి వెళ్లు."

భర్త పోయిన మార్తమ్మకు ఆ గేటే అన్నం. అబద్ధం ఆడకుండా, అన్నం పోకుండా చూడమని పరలోకపు తండ్రిని వేడుకుంది. రెండూ కుదరడం కష్టమని అడుగుతున్నప్పుడే ఆమెకు తెలుసు.

మర్నాడు మ్యాట్నీకి ముందుగా వచ్చింది గాజుల కొట్టు మైమూనా. "మార్తమ్మక్కా, ఆఖరికి బాగుంటదా?"

యజమాని బుకింగు కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు.

"ఇక్కడ చూపించేదాకా బాగుంటది మైమూనా. ఆ తర్వాతది తీసేశారు."

"తీసేసిందాంట్లో ఏముంది?"

మార్తమ్మ నాలుగు ముక్కల్లో చెప్పింది. వరుస మొత్తం దగ్గరికి జరిగింది.

"ఇంతకీ తాగాడా?"

"అది చూపించలేదమ్మా."

"తాగితే బాగుణ్ణు" అంది వెనకనుంచి ఒకావిడ, పప్పులో ఉప్పు సరిపోయిందన్నంత మెత్తగా.

ఆ నిమిషమే మార్తమ్మ ఉద్యోగం పోయింది. యజమాని బావమరిది వెంకట్రామయ్య మీసం దువ్వుకుంటూ వచ్చి గేటులో నిలబడ్డాడు.

"ఆడవాళ్ల గేటులో మగాడేంటే! పదండి" అంటూ వరుసలోని ఆడవాళ్లు వెనక్కి తిరిగారు.

ఆడవాళ్లు రాని సినిమాకు సంసారులు రారు. మూడు రోజులు తిరిగేసరికి ఆడవాళ్ల బెంచీల మీద పిల్లి పడుకుంది. నేల క్లాసు కుర్రకారు మాత్రం వచ్చి, శంఖం మోగగానే "ఆఖరి రీలు! ఆఖరి రీలు!" అని ఈలలు వేశారు.

నాలుగో రోజు పిచ్చేశ్వరరావు గారు మార్తమ్మ ఇంటికి వచ్చారు.

"ఒంట్లో ఎలా ఉంది? సెలవు పెట్టావట..."

"పెట్టలేదండీ, మీరే తీసేశారు." అంటూనే పక్కింటి నుంచి కుర్చీ తెప్పించి వేసింది. ఎంతైనా గడపలోకి వచ్చిన మనిషి.

"ఏదో మాటవరసకి అన్నాను. రేపట్నుంచి రా."

"ఆ రీలు పెట్టించండి, వస్తాను."

"పెడితే ఊళ్లో పెద్దమనుషులు తమ గురించే అనుకుంటారేమోనని..."

"అనుకునేవాళ్లెవరో వాళ్లింట్లో వాళ్లకి తెలిసే ఉంటుందండీ."

ఆయన సరేనని లేచారు. మర్నాడు రిక్షాలో మైకు పెట్టి, "ఆఖరి రీలుతో సహా! ధైర్యంగా ప్రదర్శిస్తున్నవారు..." అంటూ తన పేరే ఊరంతా చాటించుకున్నారు.

ఆ మ్యాట్నీకి ప్లీడరు గారు రాక తప్పలేదు, భార్య ముందే బయల్దేరింది కనుక. ఆవిడ మార్తమ్మను ఏమీ అడగకుండా లోపలికి వెళ్లి కూర్చుంది. ఆయన గేటు దగ్గర గొంతు తగ్గించారు.

"మార్తమ్మా, ఆఖరి రీలుకి ముందు మా ఆవిడని బయటికి పంపించెయ్. ఈమధ్య మనిషి స్థిమితంగా ఉండట్లేదు."

లోపలినుంచి ఆవిడ గొంతు వినిపించింది: "నాకేం, నిక్షేపంలా ఉన్నాను."

"టికెట్టు కొని కూర్చున్న మనిషిని మధ్యలో లేపడం మా గేటులో లేదండీ" అంది మార్తమ్మ. మగవాళ్ల గేటు ఎటో మర్యాదగా చూపించి, తలుపు దగ్గరికి వేసింది.