ఖాకీ అట్ట వేసిన దీవి

ఆ రోజుల్లో నాకు ఏదైనా తెలియదని ఒప్పుకోవడం కన్నా, తెలిసినట్టు తల ఊపేసి ఇంటికొచ్చి బెంగపడడమే తేలికగా ఉండేది. ఐర్లండుకి వచ్చి అప్పటికి ఏడాదిన్నర. నాకు ఇరవై నాలుగేళ్ళు. మా ఆయన ఆసుపత్రిలో నర్సు, నేను మేముండే టాలట్‌లోనే ఒక వృద్ధుల హోమ్ వంటింట్లో గిన్నెలు కడిగేదాన్ని. పదో తరగతి లెక్కల్లో తప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ తప్పి, ఇక దీనికీ లెక్కలకీ పడదని మా నాన్న తేల్చేశాక చదువు మానేసిన మనిషిని. మా ఆదివారం ప్రార్థనకి వచ్చే ఆడవాళ్ళంతా బీఎస్సీ నర్సింగులు, ఎమ్మెస్సీలు. వాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటుంటే నేను లేచి పళ్ళేలు సర్దేదాన్ని. ఎవరూ సర్దమన్నది లేదు, కూర్చుంటే ఏదైనా అడుగుతారేమోనని భయం. నాకున్న ఆస్తి ఒక్కటే, జ్ఞాపకం. సండే స్కూల్లో కంఠత వాక్యాల పోటీకి నేను పేరిస్తే మిగతా పిల్లలు ఇంటికెళ్ళిపోయేవాళ్ళు (అతిశయోక్తి అనుకుంటే మా అన్నయ్యని అడగండి, వెళ్ళిపోయిన వాళ్ళలో వాడే మొదటివాడు). చెవిన పడింది ఏదీ పోదు. కాకపోతే ఆ ఆస్తి ఐర్లండులో ఎక్కడా చెల్లలేదు.

ఏటా వేసవిలో మా ప్రార్థన కుటుంబాలన్నీ కలిసి ఎక్కడికైనా వెళ్ళేవాళ్ళం. తీసుకెళ్ళేది కిల్కెన్నీ అక్క. ఆవిడ కిల్కెన్నీ ఆసుపత్రిలో సీనియర్ నర్సు, వరంగల్ వైపు మనిషి, ఆవిడ నవ్వితే పక్కింటి కుక్క మొరిగేది. ఆ యేడు మాత్రం ఆవిడ చేతులెత్తేసింది. "ఈసారి నాతోని గాదు. బస్సు నేనే జూడాలె, బాట నేనే జూడాలె, తిండి నేనే జూడాలె. మీల ఎవలన్న తీస్కపోరాదుండ్రి" అంది. అందరూ టీ కప్పుల్లోకి చూసుకున్నారు. అంతలో "నేను తీసుకెళ్తానక్కా" అని ఒక గొంతు వినపడింది. ఎవరా అని నేనూ అటూ ఇటూ చూశాను. నాదే.

అక్క కళ్ళజోడు పైకి తోసుకుని, "నువ్వా చెల్లె? నీకు లూవాస్ ఎక్కితే అది ఏ దిక్కు వోతదో ఎర్కనా?" అంది. అందరూ పగలబడి నవ్వారు. (ఎందుకంటే నేను ఇంటికి బయల్దేరి ఆ ట్రామ్‌లో ఊరి అవతలి చివరికి రెండుసార్లు వెళ్ళొచ్చాను. రెండోసారి నిద్రపోయాను కాబట్టి అది లెక్కలోకి రాదు.) ఆ నవ్వుకి నాకు పౌరుషం వచ్చేసింది. "గాల్వే అవతల సముద్రంలో దీవులున్నాయి కదా, అందులో ఒకదానికి తీసుకెళ్తాను. ఫోన్లు ఎవరూ తియ్యక్కర్లేదు. దీవి మొత్తం నేను నోటికి చెప్తాను" అనేశాను. ఇంటికొచ్చే దారిలో మా ఆయన ఒక్కటే ప్రశ్న అడిగారు. "ఏంటే, నువ్వెప్పుడైనా దీవి చూశావా?" చూడలేదు. అయినా ఆ ఒక్కరోజు సరిగ్గా జరిగితే నేను కూడా వాళ్ళ మధ్య కూర్చోవచ్చు, చెడితే జన్మంతా పళ్ళేలు సర్దుకోవడమే అని నా లోపల రాసిపెట్టుకున్నాను.

మర్నాడు లైబ్రరీకి వెళ్ళాను. అప్పటిదాకా గైడు అంటే నాకు తెలిసింది పదో తరగతి గైడే, అది చూసి కూడా తప్పానని చెప్పాను కదా. అక్కడ దీవులకి ఒక అర మొత్తం ఉంది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేదాన్ని కాబట్టి పుస్తకాలని మా అమ్మ వంకాయలు ఏరినట్టు ఏరాను, చేత్తో బరువు చూసి, అటూ ఇటూ తిప్పి. ఒకటి మరీ లావు, రుబ్బురోలు మోసినట్టుంది. ఒకదాని నిండా రాళ్ళ బొమ్మలు. ఒకదాని మీద పడవ మునిగిపోతున్న బొమ్మ, చూడగానే లోపల పెట్టేశాను. నా అవస్థ చూసి లైబ్రరీ ఆవిడ వచ్చింది. నేను "ఐలాండ్, ఫ్యామిలీ, వాకింగ్, నో బిగ్ బుక్" అన్నాను. ఆవిడ నవ్వి ఒకే సైజులో, ఒకే కంపెనీవి రెండు పల్చటి పుస్తకాలు తీసిచ్చి "దీజ్ ఆర్ గ్రాండ్" అంది. ఇంకా ఏదో వివరంగా చెప్పింది. నేను తెలిసినట్టు తల ఊపాను. (ఆ తల ఊపుడు దగ్గరే కథంతా ఉంది.)

ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని పుస్తకాలకి అట్టలు వేయడం. ఎరువు తెచ్చుకున్న పుస్తకానికి మరక పడితే పరువు పోతుందని మా అమ్మ ఖాకీ అట్ట వేయకుండా ఏ పుస్తకాన్నీ ఇంట్లో ముట్టుకోనిచ్చేది కాదు. ఈ దేశంలో బట్టల షాపులో ఖాకీ కాగితం సంచులిస్తారు, వంటింటి ప్రెస్‌లో (ఇక్కడ అలమరని అలాగే అంటారు) ఒక బొత్తి దాచిపెట్టాను. రెండు సంచులు కత్తిరించి, మూలలు మడిచి, ఇస్త్రీ పెట్టె తిప్పి, బడికి పంపేంత నీటుగా అట్టలేశాను. రెండూ కవల పిల్లల్లా తయారయ్యాయి. బడి పుస్తకాలు మొదటి భాగం, రెండో భాగం అని వచ్చేవి కదా, ఇవీ అంతేనని, మీద లేబుల్ అతికించి ఒకదాని మీద "దీవి 1" అనీ, రెండోదాని మీద "దీవి 2" అనీ రాశాను.

చదివిపెట్టే పని మా ఆడపడుచు కూతురిది. అక్కడే కాలేజీలో ఎమ్మెస్సీ చదువుతూ మా ఇంట్లో ఉండేది. గబగబా మాట్లాడుతుంది కాబట్టి దాన్ని పిచ్చుక అనేవాళ్ళం. నేను చపాతీలు ఒత్తుతుంటే అది బల్ల దగ్గర కూర్చుని ఇంగ్లీషులో చూసి తెలుగులో చెప్పేది. ఆ ఊళ్ళ పేర్లన్నీ ఐరిష్ భాషలో ఉంటాయి, పది అక్షరాలు రాసి మూడు పలుకుతారు. "అత్తా, ఈ పేరు నావల్ల కాదు, వదిలేస్తున్నా" అనేది. "వదిలెయ్ అమ్మడూ, దారి చెప్పు చాలు" అనేదాన్ని. మొదటి పుస్తకంలో పడవ రేవు, సీళ్ళుండే తీరం (మీసాలున్న గోనెబస్తాల్లాంటి జంతువులు), రాతికోట వచ్చాయి. ఆ తర్వాత పేజీలన్నీ పక్షుల పేర్లు, పూల పేర్లు. "ఇవి ఎవరికి కావాలి? రెండోది తియ్యి" అన్నాను. రెండోదాంట్లో మళ్ళీ ఒక రేవు వచ్చింది. దీవికి రెండు వైపులా రేవులు ఉండకూడదా అనుకున్నాను. చదివింది చదివినట్టు గోడవైపు తిరిగి చేతులు కట్టుకుని అప్పజెప్పేదాన్ని. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, "ఏవే, పులుసు మాడుతోంది, లైట్‌హౌస్ తర్వాత చూసుకో" అని అరిచిన రోజులున్నాయి.

బయల్దేరిన రోజు పదకొండు మందిమి. పడవ దిగగానే నేను ముందు నిలబడి గొంతు సవరించుకున్నాను. "కుడిచేతి వైపు తెల్ల గోడ, ఆ పక్కన స్వెట్టర్ల దుకాణం. అది దాటాక దారి రెండుగా చీలుతుంది, మనం కింది దారి." తెల్ల గోడ ఉంది! దుకాణం ఉంది! దారి చీలింది! "ఇక్కడినుంచి పావుగంట నడిస్తే సీళ్ళు" అన్నాను, పావుగంట నడిచేసరికి బండల మీద ఏడు బస్తాలు మీసాలు తిప్పుతూ మమ్మల్ని చూశాయి. పిల్లలు కేకలు పెట్టారు. కోట కూడా చెప్పిన మలుపులోనే దొరికింది. కిల్కెన్నీ అక్క నా పక్కకి వచ్చి, "ఏందే చెల్లె, నువ్వు ఈడనే పుట్టినట్టు జెప్తున్నవ్" అంది. ఆ క్షణంలో నా కాళ్ళు నేలమీద లేవు. మా ఆయన వైపు చూశాను. పులిహోర సంచీ మోస్తూ కూడా గర్వంగా ఉన్నారు.

"ఇప్పుడు రెండో భాగం" అని ప్రకటించాను. "దీవి అవతలి వైపుకి వెళ్తున్నాం. అక్కడ ఇసుక తీరం, పైకప్పు లేని పాత చర్చి, దాని వెనక రెండు రాతిగోడల మధ్య సన్నదారి, దారి చివర నుయ్యి, నుయ్యికి మూడు మెట్లు. నుయ్యి దగ్గర నిలబడితే లైట్‌హౌస్. అక్కడే పులిహోర." అందరూ హుషారుగా నడిచారు. అరగంట నడిచారు. రాతిగోడలు కావలసినన్ని ఉన్నాయి, ఆ దీవి మొత్తం గోడలే. చర్చి లేదు. ఇసుక లేదు. గంట అయింది. చినుకులు మొదలయ్యాయి. అక్క కూతురికి ఎనిమిదేళ్ళు, ఇక్కడే పుట్టిన పిల్ల, నా చెయ్యి లాగి "ఆంటీ, ఆర్ వీ లాస్ట్?" అంది. "నో నో, నెక్స్ట్ టర్న్" అన్నాను. అలా నాలుగు టర్న్‌లు అయ్యాయి. మా ఆయన జేబులోంచి ఫోన్ తియ్యబోతే గుడ్లురిమి చూశాను. చివరికి ఒక మెరక ఎక్కేసరికి కనపడింది, తెల్లగా, నిటారుగా, అచ్చం పుస్తకంలో చెప్పినట్టు. "అదిగో లైట్‌హౌస్!" అని గెంతాను.

అక్క వచ్చి నా పక్కన నిలబడింది. కళ్ళజోడు తుడుచుకుని అటు చూసింది. "చెల్లె, నడుమ సముద్రం ఉంది. గది గూడ పుస్తకంల రాసిన్రా?" అంది.

నిజంగానే ఉంది. కొంచెం కూడా కాదు, బోలెడంత సముద్రం. పిచ్చుక నా సంచీలోంచి రెండు పుస్తకాలూ తీసి, నేను అంత ఓపికగా వేసిన అట్టలు చర్రుమని చింపింది. ఒకదాని మీద మేమున్న దీవి బొమ్మ. రెండోదాని మీద ఎదురుగా కనపడుతున్న దీవి బొమ్మ, ఆ లైట్‌హౌస్‌తో సహా. "అత్తా..." అంది సన్నగా, "నువ్వు రెండో భాగం అన్నావు కదా అని..." ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు మెల్లగా పదకొండు మందికీ పాకింది, ఒక్క నాకు తప్ప. నాకు మాత్రం మా ఇంటి సింకూ, అందులో పళ్ళేలూ కళ్ళముందు కనపడ్డాయి.

అప్పుడే వాన గట్టిగా పడింది. కింద ఒక ఇంటి ముందు, నీలం ఏప్రన్ కట్టుకున్న ఒక ముసలమ్మ తలుపు తీసి, కోళ్ళని పిలిచినట్టు రెండు చేతులతో మమ్మల్ని పిలిచింది. వెళ్ళాం. పదకొండు మందిమి ఆ చిన్న వంటింట్లో ఇరుక్కుని నిలబడితే ఆవిడ మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళి టీ పెట్టింది. మా ఆయన మొహమాటంగా పులిహోర సంచీ విప్పారు. ఆవిడ పళ్ళెం పట్టుకుని, పసుపుపచ్చ అన్నం ఒక ముద్ద తిని, మిరపకాయ కొరికి, నీళ్ళు తాగి, మళ్ళీ ముద్ద పెట్టుకుంది. ఈ వానలో ఎక్కడికి బయల్దేరారని అడిగింది. మూలన దాక్కున్న నన్ను చూపించి అక్క సంగతంతా ఇంగ్లీషులో చెప్పేసింది. ఒక్క ముక్క కూడా వదల్లేదు.

ముసలమ్మ నవ్వలేదు. కప్పు కింద పెట్టి, నా వైపు తిరిగి, "అవతలి దీవి మొత్తం నీకు నోటికొచ్చా? ఏదీ, చెప్పు" అంది. నాకు వచ్చింది తెలుగులో. పిచ్చుక అప్పటికే భయపడి గోడకి అంటుకుపోయింది. కిల్కెన్నీ అక్కే స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. "నువ్వు జెప్పు చెల్లె. నేను ఇంగ్లీషుల జెప్త" అంది. నేను చేతులు కట్టుకుని మొదలుపెట్టాను. మా ఊరి ప్రార్థన కూటాల్లో తెల్లదొర ఇంగ్లీషులో ఒక మాట చెప్తే మన పాస్టరయ్యగారు తర్జుమా చేసినట్టు, నేను ఒక వాక్యం, అక్క ఒక వాక్యం. పడవ దిగగానే ఎడమచేతి వైపు ఇసుక. ఇసుక దాటాక చర్చి, పైకప్పు లేదు, కిటికీ ఒకటే. ముసలమ్మ కళ్ళు మూసుకుంది. రెండు గోడల మధ్య సన్నదారి, ఒక్క మనిషి పట్టేంత. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. నుయ్యి, మూడు మెట్లు.

"నాలుగు" అంది ఆవిడ.

పుస్తకంలో మూడే ఉన్నాయని అక్క చెప్పింది. "పుస్తకం రాసినవాడు పైనుంచి చూసి ఉంటాడు. నాలుగోది నీళ్ళ అడుగున ఉంటుంది. బాగా ఎండలు కాసిన వేసవిలో బయటపడుతుంది. నా చిన్నప్పుడు రెండుసార్లు చూశాను" అంది ముసలమ్మ. ఆవిడ పుట్టిల్లు అదే. పెళ్ళి చేసుకుని ఈ దీవికి వచ్చింది. మోకాళ్ళు పోయాక పడవ ఎక్కడం మానేసిందట. రోజూ తలుపు తీస్తే ఆ లైట్‌హౌస్ కనపడుతుంది, దాని కిందున్నవి మాత్రం కనపడవు. "మళ్ళీ ఇసుక దగ్గర్నుంచి చెప్పు, లవ్" అంది. మళ్ళీ చెప్పాను, ఈసారి నాలుగు మెట్లతో. మూడోసారి ఆవిడే ముందు చెప్తుంటే నేను వెనక తల ఊపాను. ఆ ఒక్కసారి మాత్రం నిజంగా తెలిసే ఊపాను.

సాయంత్రం పడవలో అక్క నా పక్క సీటు తుడిచి, "గూసో" అంది. కూర్చున్నాను. "వచ్చే యేడు గూడ నువ్వే తీస్కపో. గని అట్టలు మాత్రం నేనేస్త" అంది. ఆవిడ నవ్వుకి పడవలో ఉన్న ఒక కుక్క మొరిగింది.

ఇప్పుడు ఏ దీవికి వెళ్ళినా ఫోనే దారి చెప్తుంది, నాలాంటి వాళ్ళతో పని లేదు. అయినా లైబ్రరీ పుస్తకం ఇంటికొస్తే ఈనాటికీ ఖాకీ అట్ట వేస్తాను, కాకపోతే మీద పుస్తకం పేరు ఇంగ్లీషులో చూసి రాస్తాను, ఒక్కో అక్షరం. ఆ అవతలి దీవికి మేము ఇంతవరకూ వెళ్ళలేదు. ఏటా అనుకుంటాం, ఏటా ఏదో అడ్డొస్తుంది. ఎప్పుడైనా చపాతీలు ఒత్తుతుంటే, గోడవైపు తిరిగి చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, తనకి మెట్లు మూడనే తెలుసు.